తియ్యటి నీళ్ళు తాగుతూనే ఉన్నా చేతులెందుకు వణికాయి?

ఉత్తరం రాసినావిడకి 39 ఏళ్ళు. ఆఫీసు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. అన్నయ్య ప్రోత్సాహంతో రెండేళ్ళ క్రితం సైకిలెక్కారు. మొదట పదీ ఇరవై కిలోమీటర్లు, మెల్లగా వంద దాకా వచ్చారు. నాలుగు నెలలుగా బరువు తగ్గే ప్రయత్నంలో కూడా ఉన్నారు. 64 కిలోల నుంచి 58కి దిగారు. ఇంకో ఆరు వారాల్లో 200 కిలోమీటర్ల బ్రెవేకి (ఇచ్చిన సమయంలోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్) పేరిచ్చారు. దానికోసం చేస్తున్న ప్రాక్టీసులో రెండుసార్లు ఒళ్ళు అదుపు తప్పిందని రాశారు.

మొదటిది 150 కిలోమీటర్ల రైడ్. ముందురోజు రాత్రి ఏడింటికే కాసిని కూరగాయలతో భోజనం అయిందనిపించి, తెల్లవారుజామున ఐదింటికి కాఫీ తాగి బయలుదేరారు. దారిలో తిన్నవి రెండు అరటిపళ్ళు, గుప్పెడు బాదంపప్పులు. సీసాల్లో ఎలక్ట్రొలైట్ బిళ్ళలు (నీళ్ళలో కరిగే లవణాల బిళ్ళలు) కలుపుకుని క్రమం తప్పకుండా తాగారు. 115 కిలోమీటర్లు దాటాక చేతులు వణకడం మొదలైంది. గేరు మార్చబోతే వేలు మాట వినలేదు. జేబులోంచి బిస్కెట్ ప్యాకెట్ తీశారు కానీ చింపలేకపోయారు. ఇంకెంత దూరం ఉందని అన్నయ్య అడిగితే 150లోంచి 118 తీసివేయడం రాక, ఆయన మీదే అరిచేశారు. ఒళ్ళంతా చల్లటి చెమట. రోడ్డు పక్కన కూలబడితే తోటి రైడర్ ఒకరు కూల్‌డ్రింక్ తాగించారు. పావుగంటలో వణుకు తగ్గింది.

మూడు వారాల తర్వాత 120 కిలోమీటర్లకి వెళ్ళారు. "నీళ్ళు సరిపోక అలా అయింది" అని గ్రూపులో అందరూ అన్నారని, ఈసారి అలారం పెట్టుకుని అరగంటకో అరలీటరు సీసా మంచినీళ్ళు ఖాళీ చేశారు. మబ్బు పట్టిన చల్లటి రోజు. ఇంటికి వచ్చేసరికి తల బరువు, వికారం, ఒళ్ళంతా వణుకు. వేలి ఉంగరం బిగుసుకుపోయి రాలేదు. బరువు చూసుకుంటే ఉదయం కన్నా 1.2 కిలోలు ఎక్కువ! "ఆరు గంటలు తొక్కి బరువు పెరగడమేంటని ఏడుపొచ్చింది" అని రాశారు. డీహైడ్రేషన్ అనుకుని భర్త ఇంకో రెండు గ్లాసుల నీళ్ళు తాగించారు, ఆవిడ వాంతి చేసుకున్నారు. రాత్రికి సర్దుకుంది.

డాక్టర్ దగ్గర పరగడుపు షుగర్ చూపించుకుంటే నార్మల్ వచ్చింది. అమ్మకి షుగర్ ఉంది కాబట్టి తనకూ మొదలవుతోందేమోనని ఆవిడ భయం. సైకిల్ అమ్మేయమని భర్త అంటున్నారు. "ఓర్చుకో, శరీరం అలవాటు పడుతుంది" అని అన్నయ్య అంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి, బ్రెవేకి వెళ్ళాలా వద్దా అన్నది ఆవిడ ప్రశ్న. ఉత్తరం చివర్లో ఒకే వాక్యం: "రెండు నెలలుగా నెలసరి రావడం లేదు, దానికీ దీనికీ సంబంధం లేదనుకోండి."

సమాధానం:

అమ్మా, ఆ రెండు రోజుల్నీ మీరు ఒకే సమస్యగా చూస్తున్నారు. నాకు మాత్రం అవి రెండు వేర్వేరు సమస్యల్లా కనిపిస్తున్నాయి. మొదటి రోజు మీ రక్తంలో చక్కెర తగ్గింది. రెండో రోజు ఒంట్లో నీళ్ళు ఎక్కువయ్యాయి. మీరు మొదటిదానికి ఎక్కువ భయపడ్డారు, నన్ను కంగారుపెట్టింది రెండోది. ఆ సమయంలో రక్తపరీక్ష ఏదీ చేయలేదు కాబట్టి ఖాయంగా ఇదేనని ఎవరూ చెప్పలేరు. కానీ మీరు ఎంత వివరంగా రాశారంటే, అనుమానానికి పెద్దగా చోటు మిగల్లేదు.

ముందు మొదటి రోజు సంగతి. బ్లడ్ షుగర్ పడిపోతోందని తెలియగానే శరీరం అడ్రినలిన్ వదులుతుంది. దాచి ఉంచిన చక్కెరని బయటికి వదలమని కాలేయాన్ని తొందరపెట్టడానికి అదొక మార్గం. చేతుల వణుకు, గుండెదడ, చల్లటి చెమట, కారణం లేని కంగారు, ఇవన్నీ ఆ అడ్రినలిన్, దాంతోపాటు రేగే నరాలు చేసే పనులే. షుగర్ ఇంకా దిగితే మెదడుకే కరువొస్తుంది. లెక్క తప్పుతుంది, చూపు మసకబారుతుంది, మాట తడబడుతుంది, చిన్న విషయానికే కోపం ముంచుకొస్తుంది. తీసివేత రాకపోవడం గురించీ అన్నయ్య మీద అరవడం గురించీ మీరు సిగ్గుపడుతూ రాశారు. నాకు ఆ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చిన వివరం అదే. ఉత్త అలసటకి కాళ్ళు బరువెక్కుతాయి తప్ప 150లోంచి 118 తీసివేయడం మర్చిపోయేంత దూరం పోదు.

రక్తంలో చక్కెర తక్కువైందని తేల్చడానికి వైద్యులు ఇప్పటికీ మూడు విషయాలు చూస్తారు. 1930లలో అలెన్ విపుల్ అనే సర్జన్ చెప్పిన పద్ధతి అది. లక్షణాలు ఉండాలి, ఆ క్షణంలో కొలిస్తే షుగర్ తక్కువ ఉండాలి, చక్కెర ఇవ్వగానే లక్షణాలు తగ్గాలి. మీ విషయంలో మొదటిదీ మూడోదీ ఉన్నాయి. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. అది తాగిన పావుగంటకి మనిషి మామూలైందంటే లోటు దేనిదో అర్థమవుతోంది. నీళ్ళ లోటైతే అంత తొందరగా తీరదు. కొలత ఒక్కటే లేదు, దాని గురించి తర్వాత చెబుతాను.

ఇంతకీ లోటు ఎందుకొచ్చింది? మీరు రాసిన తిండి లెక్క వేశాను. మీ బరువుకి, మధ్యస్తమైన వేగానికి, గంటకి 400 కేలరీల దాకా ఖర్చవుతాయి. ఆరు గంటలకి 2,400. మీరు తిన్న రెండు అరటిపళ్ళలో కలిపి 50 గ్రాముల కార్బ్స్ (పిండిపదార్థాలు, చక్కెరలు) ఉంటాయి, అంటే ఓ 200 కేలరీలు. బాదంపప్పు మంచి తిండే గానీ, అందులో ఎక్కువ భాగం కొవ్వు. అది అరిగి పనికొచ్చేసరికి చాలాసేపు పడుతుంది. రెండున్నర గంటలు దాటే రైడ్‌లో చాలామందికి గంటకి 40 నుంచి 60 గ్రాముల కార్బ్స్ కావాలి. ఆ లెక్కన ఆరు గంటలకి మీకు కనీసం 240 గ్రాములు అందాల్సింది. 50 మాత్రమే అందాయి.

"మరి సీసాల్లో తియ్యటి నీళ్ళు తాగుతూనే ఉన్నాను కదా" అని రాశారు. మీ దగ్గరున్న ఆ బిళ్ళల ట్యూబు తిప్పి, వెనకాల చిన్న అక్షరాల్లో రాసింది చదవండి. ఎలక్ట్రొలైట్ బిళ్ళల్లో చాలావాటిలో చక్కెర ఉండదు. తీపి కోసం స్వీటెనర్ వేస్తారు. నాలుకకి తియ్యగా తగులుతుంది, ఒంటికి మాత్రం ఏమీ అందదు. ఓఆర్ఎస్ విషయంలో కూడా చాలామంది ఇక్కడే పొరపడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో ఉండే గ్లూకోజ్ 13.5 గ్రాములే. విరేచనాలతో నీరసించిన పిల్లాడికి ఉప్పూ నీళ్ళూ లోపలికి చేరడానికి ఆ కాస్త గ్లూకోజ్ చాలు. 150 కిలోమీటర్లు తొక్కే మనిషికి అది తిండి కిందకి రాదు. నీళ్ళు, ఉప్పు, చక్కెర అనే మూడు అవసరాల్నీ విడివిడిగా చూసుకోవాలి. మీరు మొదటి రోజు రెండు చూసుకున్నారు, మూడోది కూడా అందులోనే ఉందనుకున్నారు.

ముందురోజు రాత్రి భోజనం గురించి కూడా ఒక మాట. కాలేయంలో బాగా తిన్నాక ఓ వంద గ్రాముల దాకా చక్కెర నిల్వ ఉంటుంది. కండరాల్లో అంతకి మూడు నాలుగు రెట్లు ఉండొచ్చు. కానీ కండరం తన దగ్గరున్నది తానే వాడుకుంటుంది, రక్తంలోకి వదలడం దానికి చేతకాదు. ఇరుగుపొరుగుకి చేబదులివ్వని గడపలాంటిది అది. మెదడుకి కావాల్సింది కాలేయం ఒక్కటే పంపాలి. మెదడేమో మనం నిద్రపోతున్నా గంటకి 5 గ్రాముల చొప్పున ఖర్చు పెడుతూనే ఉంటుంది. మీరు రాత్రి ఏడింటికి కూరగాయలు తిని, పొద్దున ఐదింటికి ఉత్త కాఫీతో బయలుదేరారంటే, సైకిలెక్కేసరికే ఆ నిల్వలో సగం పోయి ఉంటుంది. ఖాళీ కడుపు మీద కాఫీ ఎక్కువైతే చేతుల వణుకుని అది కూడా కాస్త పెంచుతుంది.

దీన్ని రైడర్లు "బాంక్ అవ్వడం" అంటారు. ఇది చేతకానితనం కాదని మీరు నమ్మాలి కాబట్టి చెబుతున్నాను. 1924లో బోస్టన్ మారథాన్ ముగింపు దగ్గర డాక్టర్లు కొందరు రన్నర్ల రక్తం తీసి చూస్తే, బాగా డీలాపడి వచ్చినవాళ్ళలో చక్కెర చాలా తక్కువగా ఉంది. మరుసటి ఏడాది పరుగు మధ్యలో మిఠాయి బిళ్ళలు తినిపిస్తే పరిస్థితి మెరుగైంది. 2013 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెంలో ఆల్ప్ డ్యుయెజ్ కొండ ఎక్కుతూ బ్రిటిష్ రైడర్ క్రిస్ ఫ్రూమ్ ఇలాగే ఖాళీ అయిపోయాడు. తిండి అందుకోవడం నిషేధించిన చివరి కిలోమీటర్లలో సహచరుడి చేత ఎనర్జీ జెల్ (పిండుకుని తినే చక్కెర ముద్ద) తెప్పించుకుని తిన్నందుకు 20 సెకన్ల పెనాల్టీ పడింది. ఆ ఏడాది టూర్ గెలిచింది అతనే. తర్ఫీదు ఎంత ఉన్నా తిండి తప్పితే ఎవరికైనా ఇదే జరుగుతుంది. "అలవాటు పడుతుంది" అన్న మీ అన్నయ్య మాటలో కొంత నిజముంది. ప్రాక్టీసుతో కండరాలు కొవ్వుని ఎక్కువగా వాడుకోవడం నేర్చుకుంటాయి. కానీ రైడ్ మధ్యలో మెదడు గ్లూకోజ్ లేకుండా బండి నడపడానికి అలవాటు పడదు. దాన్ని ఓర్చుకోవడం ప్రమాదం కూడా, ఎందుకంటే వణికే చేతిలోనే బ్రేకు ఉంటుంది.

మీ అమ్మగారి షుగర్ గురించిన భయానికి ఇక్కడే జవాబు చెప్పేస్తాను. షుగర్ జబ్బంటే రక్తంలో చక్కెర ఎక్కువగా ఉండటం. మందులు వేసుకునేవాళ్ళకి అది ఉన్నట్టుండి పడిపోవచ్చు, మీరు మందులేవీ వాడట్లేదు. మీకు జరిగింది ఆ జబ్బుకి తొలి గుర్తు కాదు. అలాగని మీ నార్మల్ రిపోర్టు రైడ్ సంగతి చెబుతుందనీ కాదు. అది పరగడుపున కుర్చీలో కూర్చున్న మనిషి లెక్క, ఆరో గంట తొక్కుతున్న మనిషి లెక్క వేరు. అయితే సైకిల్ తొక్కని రోజుల్లో కూడా, ఇంట్లో కూర్చున్నప్పుడో నిద్రలోనో ఇలాంటి వణుకూ చెమటా వస్తే దానికి నా సమాధానం చాలదు. వెంటనే డాక్టర్‌కి చెప్పండి.

ఇక రెండో రోజు. గంటకి లీటరు చొప్పున ఆరు గంటలు మంచినీళ్ళు తాగారు. చల్లటి మబ్బు రోజున మీ బరువున్న మనిషికి చెమట గంటకి అరలీటరు పోవడమే ఎక్కువ. తీవ్రంగా శ్రమ పడేటప్పుడు మూత్రం తయారవడాన్ని శరీరమే తగ్గించుకుంటుంది. కాబట్టి మిగిలిన నీళ్ళు బయటికి పోయే దారి లేదు. ఉంగరం బిగుసుకోవడం, బరువు పెరగడం, తలనొప్పి, వికారం, వాంతి ఒకచోట చేరితే నాకు గుర్తొచ్చేది రక్తంలో సోడియం పలచబడటం. దాన్ని హైపోనాట్రీమియా అంటారు. లీటరుకి 135 మిల్లీమోల్స్ కన్నా సోడియం తగ్గితే ఆ పేరు వస్తుంది. బాగా తగ్గితే మెదడు వాస్తుంది, ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఆ గీతని తాకడమో, దానికన్నా కిందికి దిగడమో కనిపించింది. ఎక్కువ మంది ఎవరంటే, నీళ్ళు బాగా తాగి, పరుగు మొదలుపెట్టినప్పటికన్నా ఎక్కువ బరువుతో ముగించినవాళ్ళు. చిన్న శరీరం ఉన్నవాళ్ళకి, ఎక్కువ గంటలు పట్టేవాళ్ళకి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. మీరు ఆ రెండింటిలోనూ ఉన్నారు.

మీవారు ప్రేమతోనే ఆ రెండు గ్లాసులూ తాగించారు, అందులో ఆయన తప్పేమీ లేదు. కానీ ఇంట్లో అందరికీ ఈ విషయం తెలియాలి. రైడ్ నుంచి వచ్చిన మనిషికి తలనొప్పి, వాంతి ఉండి, వేళ్ళు ఉబ్బి, బరువు పెరిగి ఉంటే నీళ్ళు ఇవ్వకూడదు. మాట తేడాగా వస్తున్నా, మగతగా ఉన్నా, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అక్కడ అడుగు పెట్టగానే "ఆరు గంటల్లో ఇన్ని లీటర్ల నీళ్ళు తాగింది, ముందు సోడియం చూడండి" అని చెప్పాలి. ఆ మాట చెప్పకపోతే, సైకిల్ తొక్కి వచ్చిందనగానే నీళ్ళు తగ్గాయనుకుని సెలైన్ ఎక్కించే అవకాశం ఉంది. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం నీళ్ళు గానీ చక్కెర గానీ ఏదీ పోయకూడదు. మోకాలి నొప్పికని రైడ్‌కి ముందే ఐబుప్రొఫెన్ లాంటి మాత్ర వేసుకునే అలవాటుంటే మానేయండి. అది కిడ్నీల మీద భారం వేస్తుంది, సోడియం గొడవని కూడా పెంచుతుంది.

అలాగని నీళ్ళంటే భయపడి తాగడం మానేయొద్దు. ఎండ రోజుల్లో చెమట గంటకి లీటరు దాటొచ్చు, వడదెబ్బ కూడా అంతే ప్రమాదం. మీ చెమట ఎంతో మీరే కొలుచుకోవచ్చు. ఒక గంట రైడ్‌కి ముందు, బట్టలు లేకుండా బరువు చూసుకోండి. వచ్చాక ఒళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసుకోండి. 58.0 కిలోలు 57.6 అయింది, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగారనుకోండి. పోయిన చెమట 700 మిల్లీలీటర్లు. ఎండ రోజున ఒకసారి, చల్లటి రోజున ఒకసారి ఇలా చూస్తే మీ శరీరం తీరు తెలిసిపోతుంది. పోయినదంతా అక్కడికక్కడే పూడ్చక్కర్లేదు. కిలో దాకా తగ్గి ఇంటికొచ్చినా ఫర్వాలేదు, దాహాన్ని బట్టి తాగండి. ఇంటికి మాత్రం ఎప్పుడూ బరువు పెరిగి రాకూడదు. అరగంట అలారాన్ని తీసేయకండి, దాన్ని నీళ్ళకి బదులు తిండికి వాడండి.

ఇప్పుడు ఉత్తరం చివర్లో ఒకే వాక్యంలో రాసి వదిలేసిన విషయానికి వస్తాను. దానికీ దీనికీ సంబంధం ఉండే అవకాశం బాగా ఉంది. నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గారు. అదే సమయంలో రైడ్ దూరాలు పెంచారు. తిండి తగ్గి ఖర్చు పెరిగితే శరీరం పొదుపు మొదలుపెడుతుంది, ఆడవాళ్ళలో ముందు ఆపేసే ఖర్చుల్లో నెలసరి ఒకటి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. క్రీడాకారుల్లో శక్తి చాలకపోవడం వల్ల వచ్చే లోపాలన్నీ దాని కిందకి వస్తాయి. చాలాకాలం సాగితే ఎముకలు పలచబడతాయి, చిన్న జ్వరాలు పదేపదే వస్తాయి, ఎంత తొక్కినా వేగం పెరగదు. ఇది కాక వేరే కారణాలూ ఉండొచ్చు. గర్భం లేదని ముందు నిర్ధారించుకోండి. థైరాయిడ్ తప్పకుండా చూపించుకోండి, ఎందుకంటే అది ఎక్కువగా పనిచేస్తే చేతుల వణుకు, బరువు తగ్గడం, నెలసరి తప్పడం మూడూ కలిసే వస్తాయి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), సోడియం, కిడ్నీ పరీక్షలు కూడా అదే రక్తంతో చేయించుకోవచ్చు. ఈ వారంలోనే వెళ్ళండి. "షుగర్ చూడండి" అని మాత్రమే అడిగితే షుగర్ ఒక్కటే చూస్తారు. ఈ ఉత్తరంలో నాకు రాసినదంతా అక్కడ కూడా చెప్పండి, ఆ చివరి వాక్యంతో సహా.

బ్రెవే విషయంలో మీవారి మాటే విని సైకిల్ అమ్మేస్తే ఈ వణుకు మళ్ళీ రాదు, నిజమే. ఇంట్లో టెన్షన్ కూడా పోతుంది. కానీ రెండేళ్ళుగా మీకు తోడున్నదాన్ని, సరిదిద్దుకోగలిగిన కారణానికి వదులుకున్నట్టవుతుంది. తిండి తగ్గించడం అలాగే సాగితే నెలసరి సమస్య సైకిల్‌తో పాటు పోదు.

ఈ బ్రెవేకి వెళ్ళకుండా, రెండు మూడు నెలలు 60, 80 కిలోమీటర్ల రైడ్‌లతో సరిపెట్టుకోవడం ఇంకో దారి. పరీక్షల్లో ఏదైనా తేడా వస్తే ఇదొక్కటే దారి, అందులో బేరం లేదు. అన్నీ బాగున్నా, బరువు తగ్గడమే మీకు ఇప్పుడు ముఖ్యమనుకుంటే కూడా ఇదే మేలు. బరువు తగ్గడం, 200కి సిద్ధమవడం ఒకేసారి కుదరవు. మీ కష్టమంతా ఆ రెండింటినీ కలిపి చేయబోవడం దగ్గరే మొదలైందని నా అభిప్రాయం. నష్టం ఏంటంటే గ్రూపులో మిగతావాళ్ళు వెళ్తుంటే చూస్తూ ఉండాలి, అది కొన్నాళ్ళు బాధగానే ఉంటుంది.

వెళ్ళడానికే మనసు లాగుతుంటే, రిపోర్టులు బాగుండి డాక్టర్ సరేనంటే, వెళ్ళొచ్చు. అప్పుడు బరువు తగ్గే ప్రయత్నాన్ని ఈ ఆరు వారాలు పూర్తిగా పక్కన పెట్టాలి. ఓ కిలో పెరిగినా పెరగొచ్చు, దానికి సిద్ధపడాలి. 200 కిలోమీటర్ల బ్రెవేకి ఇచ్చే సమయం 13 గంటల 30 నిమిషాలు. ఆగినవన్నీ కలుపుకుని గంటకి 15 కిలోమీటర్ల లోపు సగటు చాలు. కూర్చుని స్థిమితంగా తినడానికి కావాల్సినంత సమయం ఉంది. మీ అన్నయ్య వెనకాల ఆయన వేగంతో తొక్కాల్సిన అవసరం లేదు.

తినే పద్ధతి ఇప్పటినుంచే అలవాటు చేయాలి. పేగులు కూడా ప్రాక్టీసుతోనే నేర్చుకుంటాయి, ఒకేసారి గంటకి 60 గ్రాములు పడేస్తే కడుపు తిప్పుతుంది. మొదటి రెండు వారాలు గంటకి 30, 40 గ్రాములతో మొదలుపెట్టి మెల్లగా 50, 60కి పెంచండి. మధ్యస్తం అరటిపండు 25 గ్రాములు, జెల్ ఒకటి 20 నుంచి 25, చిన్న ఖర్జూరాలు మూడు నాలుగు కలిపి 20 దాకా. సీసాలోనే కలుపుకోవాలంటే లీటరు నీళ్ళలో 12 నుంచి 15 చెంచాల చక్కెర, పావు చెంచా ఉప్పు సరిపోతాయి. ముందురోజు రాత్రి మామూలుగా కడుపునిండా తినండి. పొద్దున కాస్త ముందు లేచి తినగలిగితే మంచిది, లేకపోతే బయలుదేరే ముందు ఒక అరటిపండైనా తినండి. ఆకలేసేదాకా ఆగొద్దు, మొదటి అరగంట నుంచే మొదలుపెట్టండి. ప్యాకెట్లన్నీ ఇంటి దగ్గరే అంచు చింపి జేబులో పెట్టుకోండి. వణికే వేళ్ళతో చింపడం ఎంత కష్టమో మీకు తెలుసు. వేరే జేబులో 20, 30 గ్రాముల గ్లూకోజ్ ఎప్పుడూ ముట్టుకోకుండా ఉంచండి.

మళ్ళీ వణుకు మొదలైతే, ఇంకో పది కిలోమీటర్లే కదా అనుకోవద్దు. పక్కకి ఆగి, 15 నుంచి 20 గ్రాముల చక్కెర తీసుకుని, పావుగంట కూర్చోండి. తగ్గకపోతే మళ్ళీ అంతే తీసుకోండి. చేతులు నిలకడగా ఉండి, తీసివేత సరిగ్గా వస్తేనే సైకిలెక్కండి. అమ్మగారి గ్లూకోమీటర్ ఇంట్లో ఉంటే ఒక రైడ్‌కి తీసుకెళ్ళండి. వణికినప్పుడు కొలిస్తే నేను పైన చెప్పిన మూడింటిలో లేని ఆ కొలత కూడా దొరుకుతుంది. డెసిలీటరుకి 70 మిల్లీగ్రాముల కన్నా తక్కువుంటే ఆ అనుమానం బలపడినట్టే. 54 కన్నా తక్కువొస్తే, తేరుకున్నా సరే ఆ రోజుకి రైడ్ ఆపేసి డాక్టర్‌కి చూపించుకోండి. గుచ్చే ముందు వేలు నీళ్ళతో కడిగి తుడుచుకోండి. అరటిపండో జెల్లో అంటిన వేలితో కొలిస్తే లేని షుగర్ చూపిస్తుంది. 80, 90 వచ్చినా వణుకు తగ్గకపోతే కారణం వేరే ఉందని అర్థం, అది కూడా డాక్టర్‌కి చాలా ఉపయోగపడే సమాచారం.

మీవారితో వాదన పెట్టుకోవద్దు. ఆయన చూసింది వణుకుతూ వాంతి చేసుకుంటున్న భార్యని, ఆ భయం న్యాయమైనదే. "ఏం కాదులే" అంటే ఆయనకి ధైర్యం రాదు. ఎప్పుడు ఆపేస్తారో ముందే మాట ఇవ్వండి. ఒకే రోజు రెండోసారి వణికితే, లెక్క తడబడితే, తలనొప్పీ వాంతీ కలిసి వస్తే ఆ రోజు రైడ్ అక్కడితో సరి, ఫోన్ చేస్తాను వచ్చి తీసుకెళ్ళండి అని చెప్పండి. అదే మాట అన్నయ్యకీ చెప్పండి. దారిలో మీ మొహం చూసేది ఆయనే. షుగర్ పడిపోతున్న మనిషికి తన పరిస్థితి తనకి సరిగ్గా తెలియదు. "ఓర్చుకో" అనే బదులు "ఆఖరున ఎప్పుడు తిన్నావ్?" అని ఆయన గంటకోసారి అడిగితే చాలు.

నా మొగ్గు ఎటో చెప్పమంటే, ఇప్పుడే తేల్చుకోవద్దంటాను. పరీక్షలు ఈ వారం చేయించుకోండి. బ్రెవేకి రెండు వారాల ముందు, ఇలా తింటూ 130 కిలోమీటర్లు తొక్కి చూడండి. వణుకు రాకుండా, బరువు పెరగకుండా ఇంటికొస్తే, రిపోర్టులూ బాగుంటే బ్రెవేకి వెళ్ళండి. ఆ రైడ్‌లో ఏ ఒక్కటి తేడా వచ్చినా ఈసారికి పేరు వెనక్కి తీసుకుని తర్వాతి బ్రెవేకి ఇవ్వండి. నెలసరి మాత్రం అప్పటికీ రాకపోతే, రైడ్ ఎంత బాగా జరిగినా సరే, గైనకాలజిస్టుని కలవకుండా దూరాలు పెంచొద్దు.